గూళ్ళ డబ్బు చూసి బియ్యం కార్డు తీసేస్తే ఎట్లా?

ఈ వారం గూళ్ళ ధరల పట్టిక ఎప్పటిలాగే విడిగా పంపినాం. ఇక్కడ మాత్రం బియ్యం కార్డు గురించి రాస్తున్నాం. పురుగులు మేపేవాళ్ళ గుంపులో రేషన్ మాట ఎందుకని కొందరు అడగొచ్చు. ఈ మధ్య మాకు వచ్చే వాయిస్ మెసేజుల్లో పాల రోగం గురించి ఎన్ని ఉన్నాయో, కార్డు గురించీ అన్నే ఉన్నాయి. అందుకే రాస్తున్నాం.

ఒక అక్క సంగతితో మొదలుపెడతాం. ఊరి పేరు వద్దన్నది, చెప్పము. ఎకరా పది గుంటల మల్బరీ తోట, బోరు నీళ్ళు, నూటయాభై గుడ్లు మేపే షెడ్డు. పురుగులు నాలుగో జ్వరం లేచిన రెండో రోజు అది. ఆ దినాల్లో ఇంట్లో మనిషి గడప దాటేదానికి కుదరదని మనకు వేరే చెప్పాల్సిన పని లేదు, ఎన్ని కొమ్మలు వేసినా కాసేపటికి పుల్లలే మిగులుతాయి. అయినా నెలాఖరు కదా, ఈ దినం పోకపోతే ఈ నెల బియ్యం పోతాయని మధ్యాహ్నం మేత వేసి అంగడికి పోయింది. మిషన్ మీద వేలు పెట్టింది, పడలేదు. చెయ్యి కడుక్కుని మళ్ళీ పెట్టింది. మూడోసారి పడింది గానీ అంగడాయన తల అడ్డంగా ఊపినాడు. "అక్కా, నీ కార్డు ఏపీఎల్‌కు పోయింది. నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. అంతకు ముందు ఇంటికి ఒక నోటీసు రాలేదు, ఫోనుకు ఒక మెసేజి రాలేదు. సాయంత్రం మేతకు ఆలస్యమౌతుందని ఆ మాట అడిగి తేల్చుకునేదానికి కూడా ఆమెకు టైము లేదు. ఖాళీ సంచితో ఇంటికొచ్చి ఆకు కోసింది.

గూళ్ళు మార్కెట్టుకు పోయినాక గానీ ఆఫీసుకు పోయే తీరిక దొరకలేదు. అక్కడ తెలిసింది. పోయిన ఏడాది రెండో షెడ్డుకు అప్పు కావాలని కొడుకు పట్నంలో ఒక ఏజెంటు చేత ఆదాయపు పన్ను రిటర్ను వేయించినాడు. అప్పు రావాలంటే ఆదాయం బాగా కనపడాలని ఆ ఏజెంటు 4 లక్షల 80 వేలు అని రాసినాడు. కట్టిన పన్ను సున్నా. చివరికి అప్పు రాలేదు, షెడ్డూ లేవలేదు. ఆ కాగితం ఒక్కటి మాత్రం కంప్యూటర్లో ఉండిపోయింది. అదే ఇప్పుడు కార్డు మీదికి వచ్చింది.

ఇది ఒక ఇంటి సంగతే అయితే ఇంత పొడుగు రాసేవాళ్ళం కాదు. మన పనిలో డబ్బు వచ్చే తీరే ఇట్లాంటిది. రాగి వేసినాయన పది మూటలు ఇంట్లో పెట్టుకుని, నాలుగు మూటలు అమ్ముకుంటే ఎవరికీ లెక్క తెలీదు. మన లాటు మార్కెట్లో తూకం పడుతుంది, వేలం అవుతుంది, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఒక్క దినంలో నలభై వేలో యాభై వేలో పడేసరికి ఊళ్ళో వాళ్ళు "వాళ్ళకేమప్పా, రేష్మి ఇల్లు" అంటారు. ఆదాయం సర్టిఫికెట్టు విచారణకు వచ్చినాయన కూడా ఆ మాటే విని రాసుకుని పోతాడు. ఖాతాలో పడిన డబ్బును ఆదాయం అనుకోవడమే ఇక్కడ జరిగే తప్పు. మేము ఒప్పుకోనిది కూడా దాన్నే.

ఒక పంట లెక్క వేసి చూద్దాం. మీ లెక్క కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, మీది మీరు వేసుకోండి. నూటయాభై గుడ్లకు వంద కిలోల గూళ్ళు వచ్చినాయనుకుందాం, కిలో 500 పలికిందనుకుందాం. చేతికి వచ్చింది 50,000. చాకీ పురుగులకు 6,000. ఎరువు, దిబ్బ, మందులకు 7,000. షెడ్డు కడిగి బ్లీచింగు, సున్నం, ఫార్మలిన్ కొట్టేదానికి 2,500. తోట కత్తిరింపు, దున్నకం, కలుపు 3,000. కొమ్మ కోత, పురుగులు చంద్రికలకు ఎక్కించేది, గూళ్ళు విడిపించేది కలిపి కూలి 10,000. బండి బాడుగ, మార్కెట్టు ఖర్చు 1,500. మొత్తం 30,000. మిగిలింది 20,000. ఇందులో మొగుడూ పెళ్ళాం నిద్ర మానుకుని చేసిన కూలి లేదు, బోరు మోటరు కాలిపోతే కట్టించిన డబ్బు లేదు.

ఏడాదికి ఐదు పంటలంటే వచ్చేది 2 లక్షల 50 వేలు, మిగిలేది లక్ష. ఐదుకు ఐదూ నిలబడే ఇల్లు ఏది? ఒక పంట ఐదో దశలో పాలు కారి పోయిందనుకోండి. అప్పటికే చాకీకి, ఎరువుకు, కడుగుడుకు, తోట పనికి 18,500 పోయి ఉంటుంది. అప్పుడు నాలుగు పంటల డబ్బు 2 లక్షలు ఖాతాలో కనపడుతుంది, ఇంట్లో నిజంగా మిగిలేది 61,500. ఊజి ఈగకూ సున్నపు రోగానికీ పోయే గూళ్ళు ఈ లెక్కలో రానే లేదు.

కర్ణాటకలో బీపీఎల్ కార్డుకు ఆదాయం హద్దు ఏడాదికి 1 లక్షా 20 వేలు. దానితో బాటు మూడు హెక్టార్ల మెట్ట, అంటే సుమారు ఏడున్నర ఎకరాలు, లేదా దానికి సరిపోయే నీటి భూమి దాటకూడదు. సొంత వాడకానికి నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు గానీ ఉండకూడదు. భూమి, బండి, ఉద్యోగం కంటికి కనపడేవి. వాటితో మాకు పేచీ లేదు. ఆదాయం మాత్రం ఎవరు ఎట్లా లెక్కేస్తారో దాన్నిబట్టి ఉంటుంది. పైన చెప్పిన ఇంటిని 61,500 ఇల్లు అంటే పేదలు, 2 లక్షల ఇల్లు అంటే కాదు. రెండూ ఒకే ఇల్లు.

ఆ హద్దు కూడా ఎంత పాతబడిందో చూడండి. 2025-26కు కర్ణాటకలో ఉపాధి హామీ కూలి దినానికి 370 రూపాయలు. ఆ కూలితో ఇంట్లో ఇద్దరు ఒక్కొక్కరు 165 దినాలు పనికి పోయినారంటే 1 లక్షా 22 వేలు దాటిపోతుంది. అంటే ఏడాదిలో సగం దినాలు కూడా పని దొరకని కూలి ఇల్లు కూడా కాగితం ప్రకారం హద్దు దాటినట్టే. మహారాష్ట్ర వైపు గూళ్ళు తీసే మనవాళ్ళకు ఇంకా ఇరుకు. అక్కడ పల్లెల్లో ఆహార భద్రత లెక్కన ప్రాధాన్య కుటుంబానికి హద్దు 44,000. ఒక్క మంచి పంటకు ఖాతాలో పడే డబ్బే దాన్ని దాటేస్తుంది.

2024 నవంబరులో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. కర్ణాటకంతా కార్డులు ఒక్కసారిగా ఏపీఎల్‌కు మారిపోయినాయి, కొన్ని రద్దయినాయి. గోల లేచినాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళవి, ప్రభుత్వ ఉద్యోగులవి తప్ప మిగతావి తిరిగి ఇవ్వండని ముఖ్యమంత్రి చెప్పినారు. ఆ మాటలో "కట్టేవాళ్ళు" అని ఉంది. రిటర్ను వేసినవాళ్ళందరూ పన్ను కట్టేవాళ్ళు కాదు. అప్పు కోసమో, వీసా కోసమో సున్నా పన్నుతో రిటర్ను వేసినవాళ్ళు మన పల్లెల్లో చాలా మంది ఉన్నారు. వేసినవాళ్ళు వేరు, కట్టినవాళ్ళు వేరు అని ఆఫీసుల్లో అందరికీ ఒకేలా అర్థం కాలేదు, అందుకే మా దగ్గరికి ఇన్ని మెసేజులు. 2023లో ఆహార శాఖ తీసుకున్న కె.హెచ్. మునియప్ప గారు మన కోలారు నుంచి ఏడుసార్లు ఎంపీగా గెలిచినాయన. పురుగుల ఇంట్లో డబ్బు ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో ఈ సీమలో తిరిగినవాళ్ళకు వేరే చెప్పే పని ఉండకూడదు.

రిటర్ను మాట వచ్చింది గనుక ఇంకొక్కటి. వ్యవసాయం డబ్బుకు పన్ను లేదు గదా, ఎంత రాస్తే ఏమి అని ఏజెంట్లు చెప్తారు. ఆకు పండించేది వ్యవసాయమే. కానీ పట్టుగూళ్ళు వ్యవసాయ ఉత్పత్తి కావని ఆదాయపు పన్ను కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టే చెప్పింది. చేనులో సగం, షెడ్డులో సగం ఉండే మన పనికి కోర్టు గీసిన గీత అట్లా ఉంది. అందుకని ఊరికే అంకెలు రాయించుకోవద్దు. రిటర్ను వేయాల్సి వస్తే ఖర్చు తీసేసి నిజంగా మిగిలిందే రాయించండి, రాసినదాని కాపీ ఇంట్లో పెట్టుకోండి. అప్పు కోసం పెంచి రాసిన అంకె, బియ్యం దగ్గర తగ్గించి చూపమంటే తగ్గదు.

కార్డు పోతే పోయేది బియ్యం ఒక్కటే అయితే కష్టమో నష్టమో ఓర్చుకుంటాం. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ ఇంటికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి అది ఉచితం. కర్ణాటకలో అన్నభాగ్య కింద రాష్ట్రం దాని మీద ఇంకో 5 కిలోలు ఇస్తామన్నది. బియ్యం దొరకక 2023 జూలై నుంచి కిలోకు 34 లెక్కన మనిషికి 170 రూపాయలు ఖాతాలో వేసింది, 2025 ఫిబ్రవరి నుంచి మళ్ళీ బియ్యానికే మారింది. ఐదుగురున్న ఇంటికి కేంద్రం వంతు 25 కిలోలే చూసినా, బయట కిలో 50 అనుకుంటే నెలకు 1,250 రూపాయలు. పైన చెప్పిన 61,500 ఇంటికి ఏడాదికి 15,000 చిన్న మాట కాదు.

దానికంటే పెద్దది ఆసుపత్రి. ఆయుష్మాన్ భారత్–ఆరోగ్య కర్ణాటకలో బీపీఎల్ ఇంటికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. అదే ఏపీఎల్ అయితే ప్యాకేజీ ఖర్చులో 30 శాతమే, అదీ లక్షన్నర దాటకుండా. గుండెకు స్టెంటు వేయాల్సి వచ్చిన దినం తెలుస్తుంది ఆ రెండు అక్షరాల తేడా. షెడ్డులో ఫార్మలిన్ వాసన ఏళ్ళ తరబడి పీల్చే మనకు ఆ దినం రాదని ఎవరు చెప్పగలరు? మా గుంపులో ఒకాయన మార్కెట్టు నుంచే అంబులెన్సులో పోయినాడు. కార్డు అప్పటికి బాగుండింది గనుక తోట అమ్మే పని పడలేదు.

ఇప్పుడు గీత దాటి హోసూరు వైపు చూద్దాం. బాగలూరు, తళ్ళి, డెంకణికోట చుట్టుపక్కల మేపే మనవాళ్ళు ఈ గుంపులోనే ఉన్నారు. అదే ఆకు, అవే పురుగులు, కొన్నిసార్లు లాటు పోయేది కూడా మన మార్కెట్టుకే. వాళ్ళ నుంచి "కార్డు పోయింది" అనే మెసేజి మాకు అరుదుగా వస్తుంది. కారణం సులువు. 1997లో కేంద్రం రేషన్‌ను పేదలకు ఒక లెక్క, మిగతావాళ్ళకు ఒక లెక్క అని విడదీసినప్పుడు తమిళనాడు అందరికీ ఇచ్చే పద్ధతినే ఉంచుకుంది. 2011 జూన్ నుంచి అక్కడ బియ్యం కార్డుకు బియ్యం ఉచితం. కార్డులో పీహెచ్‌హెచ్ అని ఉన్నా ఎన్‌పీహెచ్‌హెచ్ అని ఉన్నా బియ్యం వస్తాయి. ఆదాయం గీత అక్కడా ఉంది, కానీ దాన్ని బియ్యం మీద పెట్టలేదు. ఆడవాళ్ళకు నెలకు 1,000 ఇచ్చే మగళిర్ ఉరిమై పథకంలో పెట్టినారు. ఏడాదికి రెండున్నర లక్షల ఆదాయం, 5 ఎకరాల తరి లేదా 10 ఎకరాల మెట్ట దాకా అందులో చోటు ఉంది.

మా అభిప్రాయం నేరుగా చెప్తాం. కడుపుకు తినే బియ్యం దగ్గర పేద ఎవరు, కాదెవరు అని జల్లెడ పట్టడం మొదలుపెడితే, ఆ జల్లెడలో ముందు పడేది ఏడాదంతా లెక్క మారే మనలాంటి ఇళ్ళే. ఉన్నవాడికి బియ్యం పోతే ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే. లేనివాడి కార్డు పొరపాటున పోతే ఆ ఇంట్లో ముద్ద తగ్గుతుంది. రెండు తప్పులూ ఒక తూకం కాదు. తమిళనాడు మొదటి తప్పును ఓర్చుకుంటున్నది, కర్ణాటక రెండో తప్పు చేస్తున్నది. ఒరిస్సాలో కూడా కేంద్రం లెక్కలో చోటు దొరకనివాళ్ళ కోసం 2018లో రాష్ట్రం సొంతంగా ఒక పథకం పెట్టింది, రాయగడ, గజపతి వైపు మనవాళ్ళకు తెలుసు. యానాం సంగతి వేరు, అక్కడ చాలా ఏళ్ళు బియ్యం బదులు డబ్బే ఖాతాలో వేసినారు.

దీనికి ఎదురు మాట ఉంది. మా నలుగురిలోనే ఒకాయన ఆ మాట అంటాడు. "ఆరెకరాల తోట, తెల్ల బోర్డు కారు, బెంగుళూరులో కొడుకు ఉద్యోగం పెట్టుకుని బీపీఎల్ కార్డు జేబులో పెట్టుకున్నవాళ్ళు మన గుంపులో లేరా? వాళ్ళ వల్ల కాదా కొత్త కోడలి పేరు ఎక్కనిది?" అని. ఉన్నారు, మేము కాదనము. ఆ నెల బియ్యం అంగడి గడప దగ్గరే కిలో ఇంతని అమ్ముకునేవాళ్ళు, కోళ్ళకు వేసేవాళ్ళు కూడా ఉన్నారు. కేంద్రం వంతు కోటా ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే నడుస్తుంది గనుక, ఒక ఇల్లు పట్టుకున్న చోటు ఇంకొక ఇంటికి దొరకదు అనేది నిజమే. కర్ణాటకలో కొత్త అర్జీలు తీసుకునేది ఎప్పుడో కొన్ని దినాలు, కొన్ని గంటలు. ఆ గంటల్లో సర్వరు పని చెయ్యదు. వేరు కాపురం పెట్టిన పిల్లలు ఏళ్ళ తరబడి ఎదురు చూస్తున్నారు. కారున్న అన్నలు కార్డు తిరిగి ఇచ్చేస్తే బాగుంటుందని మేమూ అంటాం. కానీ వాళ్ళను పట్టుకునేదానికి బండి రిజిస్ట్రేషను చాలు, జీతం లెక్క చాలు. దాని కోసం గూళ్ళు అమ్ముకున్న ప్రతి ఖాతానూ అనుమానంగా చూడక్కరలేదు.

మరి ప్రభుత్వం ఏం చెయ్యాలి? మూడు పనులు అడుగుతున్నాం, మూడూ ఖర్చు లేనివి. పట్టు శాఖ తాంత్రిక సేవా కేంద్రాల్లో మన తోట ఎంత, గుడ్లు ఎన్ని పెట్టినాం, దిగుబడి ఎంత అనే లెక్క ఉంటుంది. పంట ఖర్చు ఎంతౌతుందో ఆ శాఖ వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ఖర్చు పోను మిగిలింది ఇంత, పోయిన పంటలు ఇన్ని అని వాళ్ళు ఒక కాగితం ఇవ్వాలి, ఆదాయం సర్టిఫికెట్టు రాసేవాళ్ళు ఆ కాగితాన్ని ఒప్పుకోవాలి. రెండోది, రిటర్ను వేసినారన్న ఒక్క కారణానికి కార్డు మార్చకూడదు, పన్ను కట్టినారా అని చూడాలి. మూడోది, కార్డు మార్చేముందు ఇంటికి నోటీసు, జవాబు చెప్పేదానికి కనీసం ఒక పంట కాలం గడువు. చాకీ పురుగులు ఇంటికి వచ్చిన దినం నుంచి గూళ్ళు విడిపించే దాకా ఆ ఇంటి నుంచి ఎవరూ ఏ ఆఫీసుకూ పోలేరు. అది సాకు కాదు.

ఇక మన వైపు తప్పులు. కార్డు తీసుకోవడం కంటే నిలబెట్టుకోవడం కష్టమైపోయింది ఈ మధ్య, అక్కడ మనం చాలా నిర్లక్ష్యంగా ఉన్నాం. 2025 జూలైలో కేంద్రం కొత్త ఉత్తర్వు ఇచ్చింది. ఆరు నెలలు వరుసగా రేషన్ తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపేస్తారు. ఆపినాక మూడు నెలల లోపల విచారణ, ఈ-కేవైసీ చేసి తేలుస్తారు. "మన బియ్యం అంత బాగుండవు, ఈ నెల వద్దులే" అని నెలలు నెలలు వదిలేసే ఇళ్ళు మనలో ఉన్నాయి. ఆసుపత్రి కోసం కార్డు ఉంటే చాలు అనుకుంటారు. అట్లా వదిలేస్తే ఆ కార్డే ఉండదు. ఈ-కేవైసీ కూడా ఒక్కసారితో అయిపోయేది కాదు, ఐదేళ్ళకొకసారి చెయ్యాలి. పిల్లకు ఐదేళ్ళు నిండినాక ఆధార్‌లో వేలిముద్రలు ఎక్కించకపోతే ఆ పిల్ల పేరు దగ్గర ఆగిపోతుంది. చనిపోయిన తాత పేరు ఉంచుకుని ఐదు కిలోలు ఎక్కువ తెచ్చుకునేవాళ్ళకు ఒక మాట. ఈ-కేవైసీ లేని ఆ ఒక్క పేరు వల్లే కార్డంతా విచారణకు పోయే ప్రమాదం ఉంది. తీయించేయండి, కోడలి పేరు ఎక్కించే అర్జీ వెయ్యండి.

వేలిముద్ర సంగతి వేరే చెప్పాలి, ఇది మన పనికి అంటిన కష్టం. కొమ్మలు కోసీ కోసీ, బ్లీచింగు నీళ్ళలో తట్టలు కడిగీ కడిగీ వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. షెడ్డు కడిగిన వారంలో అయితే అసలు పడదు. అందుకని ఈ-కేవైసీకి, అంగడికి రెండు పంటల మధ్య ఖాళీలో పోండి. పోయే ముందు రెండు మూడు దినాలు చేతులకు ఇంత నూనె రాసుకోండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా ఎక్కించుకుంటే చాలామందికి పని జరిగింది. అప్పటికీ పడకపోతే కంటిపాపతోనో, ఓటీపీతోనో, మీ అంగడిలో ఏ దారి ఉంటే దానితో ఇవ్వమని అడగండి. ఆధార్ లేదనో వేలు పడలేదనో అర్హులకు బియ్యం కాదనకూడదని కేంద్రమే 2017 అక్టోబరులో రాష్ట్రాలకు రాసింది. అంగడాయనతో గొడవ వద్దు, ఆయన కూడా మిషన్ చెప్పినట్టే చేస్తాడు. కానీ "పడలేదు" అన్న మాటతో వెనక్కి తిరిగి రావద్దు.

గూళ్ళు విడిపించే పనికి కుప్పం, మడకశిర వైపు నుంచి మన షెడ్లకు వచ్చే కూలాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఆంధ్ర కార్డు ఉంటే ఒకే దేశం ఒకే కార్డు కింద ఇక్కడి అంగడిలోనే కేంద్రం వంతు బియ్యం తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చే అదనం మాత్రం రాదు. ఇంట్లో కొందరు అక్కడ, కొందరు ఇక్కడ ఉంటే ఎవరి వంతు వాళ్ళు ఉన్నచోట తీసుకోవచ్చు. ఇది వాళ్ళలో చాలామందికి తెలీదు, మేపించేవాళ్ళే చెప్పండి.

కార్డు మారిపోయినట్టు తెలిస్తే ఏం చెయ్యాలి అని ఎక్కువమంది అడుగుతున్నారు. ముందు, ఎందుకు మారిందో కారణం రాతపూర్వకంగా అడగండి. నోటి మాటతో పదిసార్లు తిరిగినదానికంటే ఒక్క అర్జీ మేలు. అర్జీ రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. దానితో పహాణి, గూళ్ళు అమ్మిన రసీదులు, చాకీ కొన్న బిల్లులు, మందుల బిల్లులు జత చెయ్యండి. పంట పోయి ఉంటే అది కూడా రాయండి. అక్కడ పని కాకపోతే ఆహార భద్రత చట్టం 15వ సెక్షన్ కింద జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు, ఆయనకు రాయండి. ఆయన తీర్పు నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. 1967కు ఫోను చేసి కూడా ఫిర్యాదు ఎక్కించవచ్చు, ఇచ్చిన నంబరు రాసి పెట్టుకోండి. ఏజెంటు "రెండు వేలిస్తే నేను చేయిస్తా" అంటే ఒప్పుకోవద్దు. కార్డు మార్పించేదానికి అంత ఫీజు ఎక్కడా లేదు.

ఇంకొక చిన్న పని. చట్టం ప్రకారం కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో పెద్దామె పేరు ఉండాలి. కర్ణాటకలో గృహలక్ష్మి 2,000 కూడా ఆ పేరు చూసే వస్తుంది. ఇంటాయన గానీ ఇంటామె గానీ ఆదాయపు పన్ను కట్టినా, జీఎస్టీ రిటర్ను వేసినా అది కూడా ఆగుతుంది. చాకీ కేంద్రమో మందుల అంగడో పెట్టుకుందామని ఇంటి ఆడవాళ్ళ పేరు మీద జీఎస్టీ నంబరు తీసుకునే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకోండి. తీసుకోవద్దని కాదు, తెలిసి తీసుకోండి.

మొదట చెప్పిన అక్క అర్జీ ఇచ్చి ఇప్పటికి ఐదు వారాలైంది. ముద్ర వేసిన కాపీ, ఆరు పంటల రసీదులు, పాల రోగం వచ్చి పారేసిన పంటకు సేవా కేంద్రం వాళ్ళు రాసిచ్చిన చీటీ మా దగ్గర ఫోటోలుగా ఉన్నాయి. ఇట్లాంటివే ఇంకో పదకొండు ఇళ్ళవి వచ్చినాయి. మీలో ఎవరికైనా కార్డు మారి ఉంటే అర్జీ కాపీ, రసీదులు ఫోటో తీసి మాకు పంపండి, ఆధార్ నంబరు మాత్రం వేలితో మూసి తీయండి. ఈ నెల 25లోపల వచ్చినవన్నీ కలిపి జిల్లా ఫిర్యాదుల అధికారికి ఒకే కట్టగా ఇచ్చేదానికి మేము ముగ్గురం పోతున్నాం. పురుగులు మూడో జ్వరంలో ఉంటాయి ఆ దినానికి, ఒక పూట మేత తక్కువ గనుక తీరిక ఉంటుంది. రాగలిగినవాళ్ళు మాతో రండి.